వేల్స్ పల్లెల్లో చిన్న ఫుట్‌బాల్ గ్రౌండ్లు: వెళ్ళినవాళ్ళు, వెళ్ళాలనుకునేవాళ్ళు ఇక్కడ రాయండి

కృష్ణలంక_కుర్రాడు | ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేను లివర్‌పూల్‌కి వచ్చి నాలుగేళ్ళయింది. వచ్చిన కొత్తలో అందరిలాగే ఇక్కడి పెద్ద క్లబ్బు స్టేడియం ఆన్‌ఫీల్డ్ ముందు నిలబడి ఫోటో దిగాను. లోపల మ్యాచ్ చూద్దామంటే టికెట్ దొరకడమే గగనం. అలాంటి సమయంలో ఆఫీసులో ఒకాయన, సొంతూరు వేల్స్, "ఫుట్‌బాల్ చూడాలంటే మా ఊరు రా" అని తీసుకెళ్ళాడు. అప్పటినుంచి మూడు సీజన్లుగా శనివారం వచ్చిందంటే రైలెక్కి ఉత్తర వేల్స్ వెళ్ళిపోతున్నా. పెద్ద స్టేడియాలకు కాదు. ఊరి చివర గొర్రెల మేతకు పక్కన, చుట్టూ ఒక ఇనుప కమ్మీ, ఒక టీ గది, రెండు బట్టలు మార్చుకునే గదులు ఉండే గ్రౌండ్లకి.

నిన్న బ్లైనై ఫెస్టిన్యోగ్ వెళ్ళాను. లాండిడ్నో జంక్షన్‌లో చిన్న రైలు ఎక్కితే కాన్వీ లోయ వెంట గంటకు పైనే పడుతుంది. చివర్లో రెండు మైళ్ళకు పైగా పొడవున్న సొరంగం వస్తుంది, 1879లో తెరిచారు. సొరంగంలోకి దూరేముందు అంతా పచ్చగా ఉంటుంది, బయటికి రాగానే ఎటు చూసినా నల్లటి రాతి ముక్కల గుట్టలు, ఇళ్ళ వెనక దాకా వచ్చి ఆగిపోయినట్టు. మనం చిన్నప్పుడు అ ఆలు దిద్దిన పలక ఉంది చూడండి, ఆ రాయే. 1951లో చుట్టుపక్కల కొండలన్నిటినీ జాతీయ పార్కు చేసినప్పుడు ఈ ఊరిని మాత్రం మధ్యలో చిల్లులాగా వదిలేశారు. అదే పలకల నేలకి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

స్టేషన్ నుంచి మానోడ్ వైపు ఒక మైలు పైచిలుకు నడిస్తే గ్రౌండ్. పేరు 'కై క్లీడ్'. 'కై' అంటే పొలం, 'క్లీడ్' అంటే గాలి తగలకుండా వెచ్చగా ఉండేది. వెనకాలే మానోడ్ కొండ. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతుంటే అక్కడి నేషనల్ గ్యాలరీ పెయింటింగులన్నీ 1941లో తెచ్చి ఆ కొండ లోపలి గనిలో దాచారు. ఆ కొండ కింద నిలబడి, చేతిలో టీ కప్పు పట్టుకుని, గోల్‌కీపర్ తన డిఫెండర్ల మీద అరుస్తున్నది వినడం, అదీ ఒక్క ఇంగ్లీష్ ముక్క లేకుండా అంతా వెల్ష్‌లో, నాకు ఎంత బావుంటుందో చెప్పలేను.

ఇక్కడ మన తెలుగువాళ్ళలో ఇంకెవరైనా ఇలా తిరుగుతున్నారా? పడమటి వేల్స్‌లో కెరెడిగ్యన్ జిల్లా వైపు నేను ఇంకా పోలేదు. అక్కడ ఏవి చూడాలో చెప్పండి.

మార్కాపురం_పలక | ఆదివారం, రాత్రి 10.15

అన్నా, నా పేరు చూసే ఉంటారు. మాది మార్కాపురం. మా తాత పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చే పని చేసేవాడు. ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే రాయి పొరలు పొరలుగా అట్టముక్కలాగా విడిపోతుంది, ఆ చప్పుడు మా వీధిలో పొద్దున్నుంచీ వినబడేది. మీరు రాసింది చదివి ఆ ఊరి ఫోటోలు వెతికాను. మా ఊరి గనుల పక్కన గుట్టలు అచ్చం అలాగే ఉంటాయి, కాకపోతే మాకు అంత వాన లేదు.

నేనుండేది బర్మింగ్‌హామ్‌లో. ఒక అనుమానం. ఆట ఎలా ఉంటుంది? మరీ చిన్నపిల్లల ఆటలాగా ఉంటే మూడు గంటలు ప్రయాణం చేసి చూడటానికి మనసొప్పుతుందా?

మైదానం_మనిషి | ఆదివారం, రాత్రి 11.02

కార్డిఫ్ నుంచి. ఆట గురించి నేను చెప్తా. వేల్స్‌లో మెట్లు ఇలా ఉంటాయి: పైన కమ్రీ ప్రీమియర్ (కమ్రీ అంటే వెల్ష్‌లో వేల్స్ పేరు), 1992లో మొదలైంది. దాని కింద కమ్రీ నార్త్, కమ్రీ సౌత్. మూడో మెట్టు 'అర్దల్' లీగులు, అర్దల్ అంటే ప్రాంతం అని, నాలుగు మూలలకు నాలుగు. దాని కింద ఇక ఊళ్ళ లీగులు, జిల్లా లీగులు. అసలు మజా మూడో మెట్టు నుంచి కిందికే. అర్దల్ స్థాయిలో బాగా పరిగెత్తుతారు, పాసింగ్ బాగానే ఉంటుంది. ఇంకా కిందికి పోతే బంతి ఎక్కువసేపు గాల్లోనే ఉంటుంది, కానీ ఒక్కో ట్యాకిల్ చూస్తే మన ఎముకలు కదిలిపోతాయి. పొద్దున పాలు పితికి, డ్రెస్సు కారు డిక్కీలో పడేసుకుని వచ్చిన రైతుబిడ్డ సెంటర్ బ్యాక్ ఆడతాడు. లైన్స్‌మెన్ దొరక్కపోతే రెండు క్లబ్బుల వాళ్ళే చెరొక మనిషికి జెండా ఇస్తారు.

చాలామంది మనవాళ్ళు వేల్స్ అంటే రగ్బీ అనుకుంటారు. అది దక్షిణాన బొగ్గు లోయల మాట. వాయవ్యాన పలకల ఊళ్ళన్నీ ఫుట్‌బాల్ ఊళ్ళే. వేల్స్ ఫుట్‌బాల్ సంఘం కూడా 1876లో ఉత్తరాదిన రెక్సమ్‌లోనే పుట్టింది, ప్రపంచంలో మూడో పాత సంఘం.

కెరెడిగ్యన్ సంగతి రేపు రాస్తా, ఇప్పుడు నిద్ర వస్తోంది.

పాలమూరు_పిల్ల | సోమవారం, ఉదయం 7.30

నేను బాంగర్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నా. కృష్ణలంక అన్నా, మీ పోస్ట్ చదివి నిజంగా ఆశ్చర్యపోయాను, ఎందుకంటే నేను ఏడాది నుంచీ ఇక్కడే ఉండి ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. గ్రౌండ్ మా హాస్టల్ నుంచి బస్సులో ఇరవై నిమిషాలు.

నా సందేహాలు ఇవి. ఒక్కదాన్నే వెళ్ళొచ్చా? టికెట్ ముందే కొనాలా? వాళ్ళ భాష రాదు కదా, తేడాగా చూస్తారా? ఇక్కడ షాపులో నేను లోపలికి అడుగుపెట్టగానే అప్పటిదాకా వెల్ష్‌లో మాట్లాడుకుంటున్నవాళ్ళు ఇంగ్లీష్‌కి మారిపోతారు. నా వల్లే ఆగిపోయినట్టు అనిపిస్తుంది నాకు.

డాక్టర్_గోదారి | సోమవారం, మధ్యాహ్నం 1.20

అమ్మా పాలమూరు, మీరు ఆఖర్న రాసిన మాటకే ముందు జవాబు చెప్తాను, మిగతావి అందరూ చెప్తారు.

నేను ఈ ప్రాంతంలో 14 ఏళ్ళుగా ఉంటున్నాను. వచ్చిన కొత్తలో నాకూ అదే జరిగేది. పదిమంది ఉన్న గదిలోకి నేనొక్కణ్ణి వెళ్తే పదిమందీ ఇంగ్లీష్‌కి మారేవారు. అది మర్యాద కోసం చేస్తారు, కోపంతో కాదు. హైదరాబాద్ ఆఫీసుల్లో చూడలేదూ, ఎనిమిది మంది తెలుగువాళ్ళున్న టేబుల్ దగ్గరికి తెలుగు రానివాడు ఒక్కడు వచ్చి కూర్చుంటే మాట మొత్తం మారిపోతుంది. మనకి దాంతో వచ్చే నష్టం పెద్దగా కనబడదు, ఎనిమిది కోట్ల మంది ఉన్నాం. వీళ్ళు 2021 జనాభా లెక్కల్లో 5 లక్షల 38 వేల మంది. మొత్తం వేల్స్‌లో 17.8 శాతం. వాయవ్యాన గ్వినెడ్ జిల్లాలో మాత్రం 64 శాతం పైనే, అనిస్ మోన్ దీవిలో దాదాపు 56. ఇలాంటి చోట ఒక్కొక్కరి కోసం మాట మార్చుకుంటూ పోతే చివరికి ఏమవుతుందో వాళ్ళకి బాగా తెలుసు, అయినా మర్యాద అడ్డొస్తుంది.

ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో ఆ ఇబ్బంది లేదు. అక్కడ పరిగెత్తేవాడికి మీరు వచ్చారో లేదో చూసే తీరికుండదు. వాడికి నోట్లోంచి ఏది ముందు వస్తే అదే భాష. నేను వెల్ష్ సగం నేర్చుకున్నది సాయంత్రం క్లాసులో అయితే, మిగతా సగం కమ్మీని ఆనుకుని నిలబడి. 'హోగ్యా' అంటే కుర్రాళ్ళూ అని. 'డోస్' అంటే వెళ్ళు. 'డా యవ్న్' అంటే భలే. మూడు నెలలు వింటే చాలు, గోలీ, అంటే గోల్‌కీపర్, ఎవర్ని తిడుతున్నాడో తెలిసిపోతుంది.

మీరు చెయ్యాల్సింది ఒక్కటే. ఎవరైనా మీ కోసం ఇంగ్లీష్‌కి మారితే, "మీరు వెల్ష్‌లోనే మాట్లాడుకోండి, నాకు వినడం ఇష్టం" అని చెప్పండి. మొదటిసారి చెప్పినప్పుడు ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, మ్యాచ్ అయిపోయేదాకా తియ్యలేదు.

ఒక్కదానివే నిశ్చింతగా వెళ్ళొచ్చు. ఏ కమ్మీ దగ్గర నిలబడినా పక్కన ఎవరో ఒక బామ్మ ఉంటుంది, మనవడు ఆడుతుంటాడు.

తెనాలి_మాస్టారు | సోమవారం, సాయంత్రం 6.45

నేను అక్కడికి ఎన్నడూ రాలేదు, రాలేను కూడా. రిటైరైన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. ఒక ప్రశ్న. వెల్ష్‌లో ఫుట్‌బాల్‌ని ఏమంటారు? ఇంగ్లీష్ మాటే వాడతారా?

డాక్టర్_గోదారి | సోమవారం, రాత్రి 8.10

మాస్టారూ నమస్కారం. 'పేల్-డ్రోయ్డ్' అంటారు. 'పేల్' అంటే బంతి. 'ట్రోయ్డ్' అంటే పాదం. రెండూ కలిస్తే ట కాస్తా డ అవుతుంది. క్లబ్బుల పేర్ల ముందు 'సి.పి.డి' అని మూడక్షరాలు కనిపిస్తాయి, అవి 'క్లబ్ పేల్-డ్రోయ్డ్'కి పొడి అక్షరాలు.

మాటల మొదటి అక్షరం ఇలా మారడం ఆ భాషలో అడుగడుగునా ఉంటుంది. ఊరి పేరు కైర్నార్వన్, 'కైర్నార్వన్‌కి' అనాలంటే 'ఇ గైర్నార్వన్'. పుల్హెలికి అనాలంటే 'ఇ బుల్హెలి'. నెవిన్ ఊరి గ్రౌండ్ పేరు 'కైర్ డెలిన్', వీణలాంటి హార్ప్ వాయిద్యాన్ని 'టెలిన్' అంటారు, ఇక్కడ డెలిన్ అయింది. వీణ పొలం అన్నమాట.

తెనాలి_మాస్టారు | సోమవారం, రాత్రి 9.05

డాక్టరు గారూ, నాకు ఒళ్ళు పులకరించింది. ఇది గసడదవాదేశమే! క గ అవుతోంది, ట డ అవుతోంది, త ద అవుతుంది. కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. మనకు ప వ అవుతుంది, ఊరువల్లెలు అంటాం. వాళ్ళకు బ అవుతోంది, అంతే తేడా. ముప్ఫై నాలుగేళ్ళు తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ సూత్రం చెప్పాను. వాళ్ళు దాన్ని పరీక్ష కోసమే చదివారు. నోటికి సులువు కోసం పరుషం సరళం అవుతుందని ఎంత చెప్పినా పుస్తకంలో మాటే అనుకునేవారు. ఎక్కడో ఐరోపా చివర కుర్రాళ్ళు బంతి తంతూ అదే పని నోటితో చేస్తున్నారని చెప్పి ఉంటే ఇంకోలా వినేవారు.

రెండు భాషలకూ చుట్టరికం ఉందని నేను అనడం లేదు. మనిషి నోరు ఒకటే కదా అని సంతోషం.

మైదానం_మనిషి | మంగళవారం, ఉదయం 8.00

మాస్టారూ, దణ్ణం. నేను తొమ్మిదో తరగతిలో ఆ సూత్రం బట్టీ పట్టినవాణ్ణే.

కెరెడిగ్యన్ అడిగారు కదా. అబెరిస్ట్‌విత్ టౌన్ పెద్ద క్లబ్బే, 1992లో లీగు మొదలైనప్పుడు అందులో ఉంది, గ్రౌండ్ స్టేషన్ నుంచి నడిచేంత దూరం, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మంచిది. దానికి నాలుగైదు మైళ్ళలో పెన్రిన్‌కోఖ్ అని పల్లెటూరు, 'కై బేకర్' వాళ్ళ గ్రౌండ్, ఊరు చూస్తే ఇంత చిన్న చోటికి ఇంత మంచి క్లబ్బా అనిపిస్తుంది. ఇంకా లోపలికి పోతే ట్రెగారన్. క్లబ్బు పేరు ట్రెగారన్ టర్ఫ్స్. ఊరి పక్కనే కోర్స్ కారన్ అనే పెద్ద బురదనేల, పీట్ మట్టి.

ఒకటి గమనించండి. ఉత్తరాన టీ అడగాలంటే 'పానెడ్' అంటారు, దక్షిణాన 'డిష్‌గ్లెడ్'. పాలు ఉత్తరాన 'లెవ్రిత్', దక్షిణాన 'లైత్'. కుర్రాళ్ళని ఉత్తరాన 'హోగ్యా', ఇక్కడ 'బోయ్స్'. వెళ్ళు అనడానికి అక్కడ 'డోస్', ఇక్కడ 'కెర్'. మన ఆనపకాయ, సొరకాయ లాగా. ఎవరి మాట వాళ్ళకి ముద్దు. నేను బ్లైనైలో డిష్‌గ్లెడ్ అన్నాను, టీ గదిలో ఆమె నవ్వి, "దక్షిణాది నుంచి వచ్చావా నాయనా" అన్నట్టు ఏదో అంది. ఇండియా నుంచి వచ్చానన్న సంగతి ఆమెకి పట్టలేదు, డిష్‌గ్లెడ్ అన్నది పట్టింది.

ఆదిలాబాద్_అడవి | మంగళవారం, మధ్యాహ్నం 12.30

హైదరాబాద్ నుంచి రాస్తున్నా. అందరూ ముచ్చటగా రాస్తున్నారు, కానీ నాకొక మాట అడగాలనుంది, తప్పుగా అనుకోకండి. మాకు దగ్గర్లో గోండు గూడేల్లో పండగలకి సిటీ జనం కెమెరాలు పట్టుకుని వస్తారు. రెండు రోజులు ఉంటారు, ఫోటోలు పెడతారు, పోతారు. గూడెంలో బడి మూతబడితే ఒక్కడూ రాడు. మీరు చేస్తున్నది దీనికంటే ఎంత వేరు? ఆ ఊళ్ళకి మీ వల్ల ఏం ఒరుగుతుంది?

కృష్ణలంక_కుర్రాడు | మంగళవారం, రాత్రి 10.20

అడవి అన్నా, న్యాయమైన ప్రశ్న. రోజంతా ఆలోచించాను.

డబ్బు లెక్క ముందు చెప్తా. కింది మెట్టు క్లబ్బులు గేటు దగ్గర రెండు మూడు పౌండ్లు తీసుకుంటాయి, కొన్ని అసలు తీసుకోవు, బకెట్ పట్టుకుని తిరుగుతారు. దాంతోపాటు టీ, తినడానికి 'పై' (pie), ఒక లాటరీ చీటీ. ఆ చిల్లరే రిఫరీ ఫీజు, గడ్డి కోత, జెర్సీల ఉతుకు. అరవైమంది వచ్చే చోట ఐదుగురు అదనంగా వస్తే వాళ్ళకి తెలుస్తుంది. ఇది చిన్న సంగతే, ఒప్పుకుంటా.

పెద్ద సంగతి మీరన్న బడి. లీన్ ద్వీపకల్పంలో అబెర్సోఖ్ అనే అందమైన సముద్రపు ఊరుంది. అక్కడి ప్రైమరీ బడిని 2021 డిసెంబర్‌లో మూసేశారు, పిల్లలు లేక. ఇళ్ళున్నాయి, చలికాలంలో దీపాల్లేవు. డబ్బున్నవాళ్ళు సెలవులకని కొనిపెట్టుకున్న ఇళ్ళు. ఆ ధరలకి ఆ ఊరి కుర్రాడు కొనలేడు, వేరే ఊరు పోతాడు, వాడితోపాటే జట్టుకి లెఫ్ట్ బ్యాక్ పోతాడు, వాడి పిల్లలు మాట్లాడాల్సిన భాష పోతుంది. గ్వినెడ్ కౌన్సిల్ 2023 ఏప్రిల్ నుంచి అలాంటి రెండో ఇళ్ళ మీద మామూలు పన్నుకి అదనంగా 150 శాతం వేసింది.

నేనొక మ్యాచ్‌లో ఒక జట్టుకి పదకొండో మనిషి లేక మేనేజరే బూట్లు కట్టుకోవడం చూశాను, యాభై దాటినాయన. మొదటి సగంలో మోకాలు పట్టేసింది. అయినా దిగలేదు. కుంటుతూనే పెనాల్టీ బాక్స్ దగ్గర నిలబడి అందరికీ ఎక్కడ నిలబడాలో చెప్తూనే ఉన్నాడు, వెల్ష్‌లో. ఆ జట్టు ఎందుకు పదిమందే అయిందో అబెర్సోఖ్ సంగతి తెలిశాక నాకు అర్థమైంది. ఫోటో తీసుకునే మనిషిగా అక్కడికి వెళ్ళాను గానీ ఆ రోజు ఫోటో తియ్యలేకపోయాను.

ఇంకోటి. నేను లివర్‌పూల్ వాణ్ణి ఇప్పుడు. బాలా ఊరి దగ్గర కపెల్ కెలిన్ అనే వెల్ష్ పల్లెని, మా సిటీకి నీళ్ళ కోసమని 1965లో ముంచేశారు. వేల్స్ ఎంపీల్లో ఒక్కరు కూడా అనుకూలంగా ఓటెయ్యకపోయినా పార్లమెంటులో చట్టం అయిపోయింది. బడి, చర్చి, పోస్టాఫీసు, పన్నెండు ఇళ్ళు. 2005లో లివర్‌పూల్ కౌన్సిల్ క్షమాపణ చెప్పింది. బాలా గ్రౌండ్ మైస్ టెగిడ్‌కి వెళ్ళినప్పుడు ఒకాయన ఎక్కణ్ణుంచి వచ్చావని అడిగితే లివర్‌పూల్ అన్నాను, ఆయన ఏమీ అనలేదు, నాకు మాత్రం నోరు ఎండిపోయింది.

మీ ప్రశ్నకి పూర్తి జవాబు కాదిది. కానీ ఒక్కసారి వెళ్ళి వచ్చేయకుండా, అదే ఊరికి మళ్ళీ మళ్ళీ పోవాలని పెట్టుకున్నాను.

పాలమూరు_పిల్ల | మంగళవారం, రాత్రి 11.15

అన్నా, మా అమ్మమ్మ వాళ్ళ ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే గుడి గోడలు కనిపిస్తాయని అమ్మ తీసుకెళ్ళి చూపించేది. అమ్మమ్మ మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. కపెల్ కెలిన్ గురించి క్లాసులో విన్నాను గానీ దాన్ని మా ఊరితో కలిపి ఇప్పటిదాకా ఆలోచించలేదు.

ఈ శనివారం నేను వస్తా. ఎక్కడికో చెప్పండి.

ఆదిలాబాద్_అడవి | బుధవారం, ఉదయం 9.10

తమ్ముడూ, జవాబు బాగా చెప్పావు. మళ్ళీ మళ్ళీ పోతానన్నావు చూడు, నాకు అది చాలు. వచ్చే ఏడు మా చెల్లి దగ్గరికి మాంచెస్టర్ వస్తా, అప్పుడు నన్నూ తీసుకుపో.

డాక్టర్_గోదారి | బుధవారం, రాత్రి 9.30

పోయేవాళ్ళకి నాలుగు మాటలు, నాకు తోచిన వరసలో.

వాన. ఇది అన్నిటికంటే ముఖ్యం. శనివారం పొద్దున రిఫరీ వచ్చి గ్రౌండ్ మీద నడిచి చూస్తాడు, నీళ్ళు నిలబడితే మ్యాచ్ రద్దు. బయల్దేరేముందు క్లబ్బు సోషల్ మీడియా పేజీ చూసుకోండి, బస్సు మారేచోట మళ్ళీ చూసుకోండి. మామూలుగా మ్యాచ్ రెండింటికో రెండున్నరకో ఉంటుంది, ఫ్లడ్ లైట్లు లేని చోట చలికాలంలో ఇంకా ముందే పెడతారు. నేనొకసారి రెండు బస్సులు మారి వెళ్తే గేటుకి తాళం. అవతలి ఊరి బస్సు వచ్చేసరికి రెండు గంటలు. వానలో నిలబడ్డ నన్ను చూసి ఎదురింటి పెద్దావిడ తలుపు తీసి లోపలికి పిలిచింది, బారా బ్రిత్ పెట్టింది, ఎండు ద్రాక్షలు వేసి చేసే రొట్టె, వెన్న రాసుకుని తింటారు. వాళ్ళాయన 1960ల్లో ఆడిన జట్టు ఫోటో గోడ మీద ఉంది. అందులో ఒక్కొక్కరి పేరూ, ఏ గనిలో పనిచేసేవారో కూడా చెప్పింది. మ్యాచ్ చూసి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదు.

బూట్లు. తెల్ల స్నీకర్లు వద్దు.

ఆదివారాల గురించి. ఇక్కడ పాతకాలంలో ఆదివారం చర్చి తప్ప ఇంకేదీ ఉండేది కాదు. ఆదివారం పబ్బులు తెరవకూడదని 1881లో వేల్స్‌కి ప్రత్యేకంగా చట్టమే వచ్చింది, లీన్ వైపు డుయ్‌వోర్ ప్రాంతం 1996లో గానీ ఓటేసి దాన్ని ఎత్తెయ్యలేదు. అందుకే శనివారం మధ్యాహ్నమంటే ఈ ఊళ్ళలో అంత ప్రాణం.

చూడదగ్గవి: బెథెస్డాలో పార్క్ మేరిగ్. 1900 నుంచి 1903 దాకా ఆ ఊరి గని కార్మికులు సమ్మె చేశారు, 'ఈ ఇంట్లో ద్రోహి లేడు' అని కిటికీల్లో అట్టలు పెట్టుకున్నారు. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే పెద్దవాళ్ళ గొంతు మారుతుంది. పెనగ్రోయ్స్‌లో మైస్ డిలిన్, నాంత్లె వేల్ క్లబ్బు. ఒరిగ్ విలియమ్స్ అనే పేరుమోసిన మల్లయోధుడు ఆ జట్టుకి ఆటగాడూ మేనేజరూ. ఆయన కాలంలో ఆ జట్టు ఎలా ఆడేదో మీరే ఊహించుకోండి. 2016 యూరో కప్పులో సెమీఫైనల్ దాకా పోయిన వేల్స్ జట్టులో మూడో గోలీ ఓవైన్ ఫోన్ విలియమ్స్‌దీ ఆ పెనగ్రోయ్స్ ఊరే, బొమ్మలు కూడా గీస్తాడు, పలక గని కార్మికుల బొమ్మలు. లాన్‌రిగ్‌లో 'ఎయితిన్ దిఅన్', నల్ల ముళ్ళపొదలు అని అర్థం. పోర్త్‌మాడోగ్‌లో 'అ ట్రైత్', ఇసుకతీరం అని. 1811లో అడ్డుకట్ట వేసేదాకా అదంతా సముద్రం వచ్చిపోయే నేలే. పేర్లు తెలుసుకుని వెళ్ళండి, పలకలేకపోయినా పరవాలేదు, ప్రయత్నిస్తే వాళ్ళ ముఖం వెలిగిపోతుంది.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఇక్కడ ప్రైమరీ బళ్ళో చదువంతా వెల్ష్‌లోనే. అండర్ 10 జట్టులో రైట్ వింగ్. ఇంట్లో మాతో తెలుగు, గ్రౌండ్‌లో వెల్ష్. పోయిన వారం గోల్ కొట్టి, కమ్మీ దగ్గర నిలబడ్డ మా అమ్మ వైపు పరిగెత్తుకొచ్చి "నానమ్మా, చూశావా!" అంది, అదే ఊపులో వెనక్కి తిరిగి స్నేహితురాలితో వెల్ష్‌లో ఏదో అరిచింది. అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి మూడు వారాలే అయింది. "ఈ పిల్లకి రెండు నోళ్ళున్నాయిరా" అంది.

మార్కాపురం_పలక | గురువారం, రాత్రి 8.45

డాక్టర్ గారూ, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. శనివారం నేనూ వస్తున్నా, బర్మింగ్‌హామ్‌లో పొద్దున ఆరింటి రైలు. పాలమూరు చెల్లెమ్మా, బాంగర్ స్టేషన్‌లో కలుద్దాం, కృష్ణలంక అన్న కారు తెస్తానన్నాడు.

కృష్ణలంక_కుర్రాడు | ఆదివారం, ఉదయం 11.00

వెళ్ళొచ్చాం. నలుగురం, డాక్టర్ గారితో కలిపి. లీన్‌లో ఒక చిన్న ఊరు, పేరు రాయడం లేదు, ఆ టీ గది ఆమె మా గురించి నెట్‌లో పెట్టొద్దు అంది.

గ్రౌండ్‌కి ఒక పక్క సముద్రం కనిపిస్తుంది, ఇంకో పక్క రాతి గోడ, గోడకి అవతల గొర్రెలు. గాలి ఎంతంటే గోల్‌కిక్ కొడితే బంతి తిరిగి గోలీ దగ్గరికే వచ్చింది ఒకసారి. గేటు దగ్గర ఎనిమిదేళ్ళ పిల్లాడు ఐస్‌క్రీమ్ డబ్బాలో డబ్బులు తీసుకుంటున్నాడు. పాలమూరు చెల్లెలు ఐదు పౌండ్ల నోటిచ్చి, చిల్లర ఉంచుకో అంది ఇంగ్లీష్‌లో. వాడు డబ్బాలో వేలు పెట్టి వెల్ష్‌లో లెక్కపెట్టి, రెండు పౌండ్ల నాణెం తీసి ఆమె చేతిలో పెట్టాడు. టికెట్ మూడే, ఎక్కువ తీసుకోకూడదు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె 'డియోల్ఖ్' అంది, థాంక్స్ అని, దారంతా కార్లో నేర్చుకుంది ఆ ఒక్క మాటే, చివర ఖ్ గొంతులోంచి సరిగ్గా వచ్చింది. వాడు ఏదో గబగబా పది మాటలు చెప్పాడు. ఒక్కటీ మాకు అర్థం కాలేదు, డాక్టర్ గారు వెనక నుంచి చెప్పారు, "వాళ్ళన్న 7వ నంబరట, వాడినే చూడమంటున్నాడు."

చూశాం. 7వ నంబరు రెండు గోల్స్ కొట్టాడు, ఒకటి తన సొంత గోల్‌లోకి. 4-3తో గెలిచారు.

మార్కాపురం తమ్ముడు మ్యాచ్ సగం చూసి, మిగతా సగం డగౌట్ (జట్టువాళ్ళు కూర్చునే చోటు) పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. పలక రాయితో కప్పారు. చివర విరిగిన ముక్క ఒకటి కింద పడి ఉంటే చేతిలోకి తీసుకుని అంచు మీద గోరు పెట్టి చూశాడు, పొర ఎటు విడుతుందో. పక్కనే నిలబడ్డ ముసలాయన అది చూసి, ఏమీ మాట్లాడకుండా దాన్ని తీసుకుని, జేబులోంచి చాకు తీసి అంచులో పెట్టి ఒక్క తట్టు తట్టాడు. రెండుగా విడిపోయింది. ఒక ముక్క తమ్ముడికి ఇచ్చాడు, ఇంకోటి తన కోటు జేబులో పెట్టుకున్నాడు.

వచ్చే శనివారం ట్రెగారన్ అనుకుంటున్నాం, మైదానం అన్న కార్డిఫ్ నుంచి వస్తానన్నాడు. కార్లో ఒక్క సీటు ఖాళీ.

పాలమూరు_పిల్ల | ఆదివారం, ఉదయం 11.25

ఆ సీటు నాది. డిష్‌గ్లెడ్ అనాలి కదా అక్కడ?

తెనాలి_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 3.40

అనాలమ్మా. 'డిష్‌గ్లెడ్' మొదటి అక్షరం ఎక్కడైనా మారితే రాసుకుని వచ్చి నాకు చెప్పు.